ఆరో వేలు: తీయించాలా, ఉంచాలా?

నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డ ఇళ్లలో బిడ్డకు చిటికెన వేలి పక్కన ఆరో వేలు కనిపిస్తే అమ్మమ్మ అదృష్టం అంటుంది, తండ్రికి టెన్షన్.

ఖర్చు: ఉంచితే ఏమీ లేదు. తీయించాలంటే స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేతి సర్జరీకే ప్రత్యేక విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి.

శ్రమ: తీయిస్తే కొన్నాళ్లు కట్టు, అది పీక్కోకుండా ఒకరు కాపలా. ఉంచితే ఇంకో గోరు కత్తిరించడం, అంతే.

రిస్కు: ఎముక ఉన్న వేలికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. అందుకే చాలామంది సర్జన్లు ఏడాది వయసు దాకా ఆగమంటారు. మచ్చ మిగులుతుంది. ఎముక లేకుండా తొడిమలా వేలాడేదానికి ఇంట్లో దారం కట్టడం అసలు వద్దు: ఇన్ఫెక్షన్ రావచ్చు, నొప్పి పెట్టే బుడిపె మిగలవచ్చు. ఉంచితే, ఎక్కడా తగిలి చిరగనంతవరకు ముప్పు లేదు. ఏ దారైనా, వేరే లోపాలు ఉన్నాయేమో పిల్లల డాక్టరు ఒకసారి చూడాలి.

బొటనవేలు రెండుగా ఉంటే లెక్క వేరు. పట్టు దెబ్బతినవచ్చు కాబట్టి సర్జన్ మాట వినండి. (హృతిక్ రోషన్ అలాగే హీరో అయ్యాడనుకోండి!)

తొడిమలా వేలాడుతుంటే తీయించేయండి. ఎముకతో గట్టిగా ఉండి, పనికి అడ్డురాకపోతే, పిల్ల పెద్దదై తనే చెప్పేదాకా ఆగడానికే నా ఓటు. "ఆడపిల్ల, రేపు సంబంధాలు" అన్న భయం ఒక్కటీ ఆపరేషన్‌కి కారణం కాదు.