మూలపురుషుడా, గోత్రకర్తా, పాట్రియార్కా: ఏది మేలు?

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక చిన్న చర్చి పత్రిక కోసం తూర్పు క్రైస్తవ సంఘాల చరిత్రను తెలుగు చేస్తూ ‘పాట్రియార్క్’ అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వంశమనే అర్థమున్న గ్రీకు పదానికి ఏలుబడిని తెలిపే పదం చేరి ఏర్పడిన ఈ మాటకు ‘వంశానికి పెద్ద’ అని అర్థం చెప్పుకోవచ్చు. అయితే మత సంప్రదాయాలలో ఇది ఒకచోట పూర్వీకుడిని, మరొకచోట పదవిని, ఇంకొకచోట గురువును సూచిస్తుంది.

మా అమ్మమ్మ చదివిన పాత బైబిలు తెరిచి చూశాను. అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో యాకోబు కుమారులు పన్నెండుగురూ ‘గోత్రకర్తలు’. ఆ మాట కింద ఆమె పెన్సిలుతో గీత గీసి, అంచున ‘యోసేపును అమ్మినవారు’ అని రాసుకుంది. అదే గ్రంథం 2వ అధ్యాయంలో దావీదు, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయంలో అబ్రాహాము మాత్రం ‘మూలపురుషులు’. గ్రీకులో ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే పదం.

ఆ అనువాదకుల వివేకానికి నేను నమస్కరిస్తాను. గోత్రకర్త అనగానే మనకు కశ్యపుడు, భరద్వాజుడు, గుడిలో అర్చకులు అడిగే గోత్రం గుర్తుకొస్తాయి కాబట్టి ఆ మాటలో కొంత ప్రమాదం లేకపోలేదు. అయినా ఇశ్రాయేలు గోత్రాలు యాకోబు సంతానం పేర్లతోనే ఏర్పడ్డాయి గనుక అక్కడ అది అతికినట్టు సరిపోతుంది. ఆ గోత్రాలు ఏర్పడడానికి తరాల ముందటివాడైన అబ్రాహాముకు మూలపురుషుడే మేలు. ‘పితరుడు’ అనవచ్చు గానీ, ఆ మాట పూర్వీకులందరికీ వర్తిస్తుంది, పైగా చాలామందికి మహాలయ పక్షాలను తలపిస్తుంది.

పదవి దగ్గర ఈ మాటలేవీ నిలవవు. రోమ్, కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియా, అంతియొకయ, యెరూషలేము అనే అయిదు ప్రాచీన పీఠాల అధిపతులకు స్థిరపడిన ఈ బిరుదు 1589లో మాస్కోకూ దక్కింది. సాధారణంగా సన్యాసులలోంచి వచ్చే ఆర్థడాక్స్ పాట్రియార్కులను మూలపురుషులనడం అసంగతం. ‘పితృస్వామి’ అంటే పాఠకుడి మనసు పితృస్వామ్యం మీదికి పోతుంది. కథోలికులు బిషప్పును పీఠాధిపతి అనీ, ఆర్చిబిషప్పును అగ్రపీఠాధిపతి అనీ అంటారు గనుక, దానిపైన మరొక విశేషణం తగిలిస్తే అది కేవలం హోదాల మెట్టులా కనిపిస్తుంది.

అసలు బిరుదూ అధికారమూ ఎప్పుడూ జంటగా నడవవు. గోవా ఆర్చిబిషప్పుకు 1886 నుంచి తూర్పు ఇండీస్ పాట్రియార్క్ అనే బిరుదు ఉన్నా అది గౌరవార్థమే. మన శంషాబాద్‌లో ఒక మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం) ఉన్న, కేరళ కేంద్రంగా నడిచే తూర్పు కథోలిక సంఘమైన సిరో మలబారు సంఘానికి అధిపతియైన మేజర్ ఆర్చిబిషప్పుకు దాదాపు పాట్రియార్కుతో సమానమైన అధికారాలున్నా ఆ బిరుదు లేదు. ఇంత సూక్ష్మమైన తేడాను చెరపకుండా ఉండాలంటే ‘పాట్రియార్క్’ను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో రాయడమే సరైనదని నా నిర్ణయం.

బౌద్ధం విషయం వేరు. నాగార్జునకొండ పేరుతో మనం తలచుకునే ఆచార్య నాగార్జునుడిని చైనాలోని చాన్ (జపానులో జెన్) అనే ధ్యాన సంప్రదాయం తన భారతీయ పరంపరలో 14వవాడిగా, దాన్ని చైనాకు తీసుకువెళ్లాడని చెప్పే బోధిధర్ముడిని 28వవాడిగా లెక్కిస్తుంది. పూర్వీకుడని అర్థమిచ్చే చైనా మాటను ఇంగ్లిషువారు పాట్రియార్క్ అన్నారు. దాన్ని చూసి మనం ‘14వ మూలపురుషుడు’ అని రాస్తే అర్థమే ఉండదు, మూలం ఒక్కటే కదా. అక్కడ సంబంధం రక్తానిది కాదు, పదవిదీ కాదు, బోధది. అందుకే అక్కడ నేనైతే ‘గురుపరంపరలో 14వ ఆచార్యుడు’ అని రాస్తాను.