ఈఎంజీకి ఏ సూది మేలు: కాన్సెంట్రిక్కా, మోనోపోలారా?

ఈఎంజీ అంటే కండరంలో సూది గుచ్చి, అక్కడి విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద అలలుగా చూసే పరీక్ష. దానికి ఏ సూది మేలన్న వాదన ఎప్పుడొచ్చినా నొప్పి దగ్గరే మొదలవుతుంది. మోనోపోలార్ సూదికి టెఫ్లాన్ పూత ఉంటుంది, నున్నగా జారుతుంది, రోగికి బాధ తక్కువ అంటారు. పోల్చి చూసిన అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. గుచ్చే చేయి బాగుంటే రెండూ ఒకటే అని నా అభిప్రాయం. తేడా అంతా సిగ్నల్‌లో ఉంది.

1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే శాస్త్రవేత్తలు తెచ్చిన కాన్సెంట్రిక్ సూదిలో, ఇంజెక్షన్ సూదిలాంటి గొట్టం లోపల సన్నని తీగ ఉంటుంది. మొనను 15 డిగ్రీల వాలులో కోస్తారు కాబట్టి తీగ చివర కోలగా బయటపడుతుంది. మామూలు సూదిలో ఆ వైశాల్యం 0.07 చదరపు మిల్లీమీటర్లు. తీగకూ గొట్టానికీ మధ్య వోల్టేజీ తేడానే తెర మీద కనిపిస్తుంది. వాలు ఏ వైపుంటే ఆ వైపు కండర తంతువులే ఎక్కువ వినిపిస్తాయి. ఉన్నచోటే సూదిని తిప్పినా అల ఆకారం మారిపోతుంది.

మోనోపోలార్‌కు గొట్టం లేదు. మొన దగ్గర మాత్రమే పూత లేకుండా వదిలేస్తారు. అది చుట్టూ వింటుంది, అందుకే అల ఎత్తు ఎక్కువ, నిడివి కాస్త ఎక్కువ. వోల్టేజీ తేడా చూడటానికి కావలసిన రెండో కొనను, అంటే రెఫరెన్స్ బిళ్ళను, విడిగా చర్మం మీద అంటించాలి, కండరం మారితే దాన్నీ జరపాలి. చిక్కు ఇక్కడే. చర్మం మీది బిళ్ళ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) ఒకటి, సూది మొనది ఇంకొకటి. ఈ రెండూ పొసగకపోతే గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటు తెర మీదికి ఎక్కేస్తుంది. కాన్సెంట్రిక్‌లో రెండు కొనలూ ఒకేచోట ఉంటాయి, పైగా గొట్టం తీగకు తొడుగులా కాపు కాస్తుంది.

అలాగని కాన్సెంట్రిక్‌కు ఇంపెడెన్స్ బెడద లేదనుకోవద్దు. లోహం బయటపడ్డ మేర తగ్గేకొద్దీ ఇంపెడెన్స్ పెరుగుతుంది. లోహం, ఒంట్లోని ద్రవం కలిసేచోట కెపాసిటర్‌లా నడుస్తుంది గనుక తక్కువ ఫ్రీక్వెన్సీలలో ఇంకా ఎక్కువ. సిగ్నల్‌ను పెద్దది చేసే యాంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సూది ఇంపెడెన్స్ కంటే ఎన్నో రెట్లు ఉండాలి. లేకపోతే సిగ్నల్‌లో కొంత సూది దగ్గరే తరిగిపోతుంది.

ఫ్యాన్లు, ఏసీ, పాత వైరింగ్ ఉన్న గదికి నేను కాన్సెంట్రిక్‌నే ఎంచుకుంటాను. మోనోపోలార్‌కు అలవాటుపడ్డ ల్యాబ్ మారాలని మాత్రం అనను. మారితే పాత నార్మల్ విలువల పట్టిక పనికిరాదు: మోనోపోలార్ విలువలతో పోలిస్తే కాన్సెంట్రిక్‌లో తీసిన ఆరోగ్యకరమైన కండరం కూడా చిన్న అలలతో కండర వ్యాధిలా కనిపిస్తుంది.