టాలీ నత్తనడక నడుస్తుంటే యాంటీవైరస్‌ను ఆపాలా, సర్దాలా, మార్చాలా?

నెలలో 20వ తేదీ దగ్గర పడిందంటే మా అకౌంట్స్ ఆఫీసులో లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ మీద ఒకటే గోల: "అన్నా, టాలీ కదలట్లేదు!" నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బి గడువు రోజే ఇలా అవుతుంది. వోచర్ సేవ్ కొడితే టీ తాగి రావచ్చు. అలాంటప్పుడు ఎవరైనా మొదట చేసే పని, యాంటీవైరస్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఆపేయడం. నేనూ చాలాసార్లు చేశాను.

తప్పు నిజంగా యాంటీవైరస్‌దేనా అని ముందు చూసుకోవాలి. టాలీ ఆగిపోయిన క్షణంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, డిస్క్ వరుసలు చూడండి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ అయితే అక్కడ 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అనే పేరుతో ఉంటుంది. డిస్క్ 100 శాతం కొడుతున్నా పై వరుసలో యాంటీవైరస్ లేకపోతే, దాన్ని తిట్టి లాభం లేదు.

ఆపేయడం పరీక్షకు పనికొస్తుంది, వైద్యానికి కాదు. నెట్ కేబుల్ పీకి, పది నిమిషాలు ఆపి చూస్తే అసలు దొంగ ఎవరో తేలిపోతుంది. డిఫెండర్ అయితే ఆపినా కాసేపటికి దానంతట అదే మళ్లీ ఆన్ అవుతుంది, అదీ మంచిదే. మా దగ్గరకు క్లయింట్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ఎన్ని చోట్ల తిరిగొస్తాయో దేవుడికే తెలియాలి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ ఒక్క సిస్టమ్‌లో దూరితే చాలు, అదే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా వాటికి ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే పాకింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి.

యాంటీవైరస్ రోజూ సిస్టమ్ మొత్తం వెతికే షెడ్యూల్ స్కాన్ వేళ మార్చడం తేలిక, ఖర్చు లేదు. రోజూ ఒకే సమయానికి సిస్టమ్ మొరాయిస్తుంటే ఇదే మందు. మేం తెలివిగా రాత్రి రెండింటికి పెట్టాం. రాత్రి సిస్టమ్‌లన్నీ ఆపేసే ఇంటికెళ్తాం కదా! తప్పిన స్కాన్ కాస్తా పొద్దున పదింటికి, అందరూ ఆన్ చేయగానే మొదలయ్యేది. చివరికి భోజనాల వేళకు మార్చాం. డిఫెండర్‌లో షెడ్యూల్ స్కాన్ వాడుకునే సీపీయూకు మామూలుగా 50 శాతం పరిమితి ఉంటుంది, దాన్ని విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ నుంచి తగ్గించుకోవచ్చు. అయితే ఇది షెడ్యూల్ స్కాన్‌కే. ప్రతి ఫైలునూ తెరిచినప్పుడల్లా చూసే రియల్ టైమ్ కాపలా ఎప్పటిలాగే సాగుతుంది.

మా టాలీకి అసలు అడ్డం ఆ కాపలానే. టాలీ ఒక కంపెనీ డేటాను చాలా ఫైళ్లుగా పెట్టుకుని వాటిని పదేపదే తెరిచి రాస్తుంది, తెరిచినప్పుడల్లా యాంటీవైరస్ తొంగిచూస్తుంది. డేటా సర్వర్ మీద ఉంటే సర్వర్లో ఒకసారి, మన సిస్టమ్‌లో ఇంకోసారి చూసే యాంటీవైరస్‌లూ ఉన్నాయి. అందుకే టాలీ డేటా ఫోల్డర్‌ను చూడొద్దని చెప్పే మినహాయింపు రెండు చోట్లా పెట్టాలి. మన సిస్టమ్‌లో పెట్టేటప్పుడు ఆ ఫోల్డర్ నెట్‌వర్క్ దారి రాయాలి. డిఫెండర్‌లో అయితే విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' కింద మేనేజ్ సెట్టింగ్స్‌లోకి వెళితే ఎక్స్‌క్లూజన్స్ కనిపిస్తాయి.

అక్కడ ఫోల్డర్‌ను మినహాయించాలా, ప్రోగ్రామ్‌ను మినహాయించాలా? ఫోల్డర్ అయితే అందులో ఏది పడినా కాపలా చూడదు, షెడ్యూల్ స్కాన్ కూడా వదిలేస్తుంది. ప్రోగ్రామ్ అయితే అది తెరిచే ఫైల్ ఎక్కడున్నా రియల్ టైమ్‌లో వదిలేస్తుంది. టాలీకి డేటా ఫోల్డర్ ఒక్కటే చాలు. ఎక్సెల్‌ను మాత్రం ప్రోగ్రామ్‌గా మినహాయించకండి, ఎవరు ఎంత బతిమాలినా సరే. ఎక్సెల్ ఫైల్ నిజానికి జిప్ మూట, దాన్ని విప్పి చూడాలి కాబట్టి పెద్ద షీట్లు తెరవడం ఆలస్యమైతే అవుతుంది. కానీ మెయిల్‌లో వచ్చే మాక్రో వైరస్, అంటే షీట్ లోపలి చిన్న ప్రోగ్రామ్‌లో దాగిన వైరస్, తెరుచుకునేది ఆ ఎక్సెల్‌లోనే. సీ డ్రైవ్ మొత్తం, డౌన్‌లోడ్స్, టెంప్ ఫోల్డర్లు మినహాయించడమంటే తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు.

ఏ ఫోల్డర్ ఆలస్యం చేస్తోందో ఊహించనక్కర్లేదు. డిఫెండర్‌కు పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ అని ఒకటుంది. పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరిచి రికార్డు చేస్తూ మన పని మనం చేసుకుంటే, స్కాన్‌కు ఏ ఫైల్, ఏ ప్రోగ్రామ్ దగ్గర ఎక్కువ సమయం పోయిందో వరుసగా చూపిస్తుంది.

ఇక మార్చేయడం. పాత సిస్టమ్‌లో డబ్బు కట్టిన యాంటీవైరస్, దాని పైన ఎవరో వేసిన ఉచితది, రెండూ ఒకదాని ఫైళ్లను ఒకటి అనుమానిస్తూ కూర్చుంటే ముందు ఒకదాన్ని తీసేయండి. వేరే యాంటీవైరస్ ఏదీ లేకపోతే డిఫెండర్ తనంతట తానే బాధ్యత తీసుకుంటుంది. ఐదారు సిస్టమ్‌ల ఆఫీసుకు, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే, అది చాలని నా లెక్క. యాభై సిస్టమ్‌లను ఒకే చోట నుంచి చూసుకోవాల్సిన వాళ్ల సంగతి వేరు, అలా చూపించే కన్సోల్ కోసం డబ్బు పెట్టొచ్చు. ఇంకా హార్డ్ డిస్క్‌తోనే లాగిస్తుంటే ఆ డబ్బుతో దానికంటే వేగమైన డిస్క్, ఎస్ఎస్‌డీ వేయించండి.

మేం చివరికి స్కాన్ వేళ మార్చాం, టాలీ ఫోల్డర్‌ను మినహాయించాం, పెయిడ్‌ది రెన్యువల్ చేయలేదు. మినహాయించిన ఫోల్డర్‌లో వేరేవేమైనా దాస్తున్నారేమోనని శనివారం ఓసారి తెరిచి చూస్తుంటాను. పోయిన వారం ఎవరివో పెళ్లి ఫోటోలు దొరికాయి.