రత్నపురలో కొన్న నీలం

రెండు లక్షల ఎనభై అయిదు వేల శ్రీలంక రూపాయలు పోసి మా బావగారు కొన్న రాయి అసలైన ఇంద్రనీలమే. అయినా మేము మోసపోయాము. ఈ రెండు మాటలూ ఏకకాలంలో ఎలా నిజమవుతాయో మాకు ఆలస్యంగా తెలిసింది కనుక, శ్రీలంకలో రత్నాల గనులకు పేరుపడ్డ రత్నపుర వెళ్లదలచినవారి కోసం ఇది రాస్తున్నాను.

కొలంబో నుంచి రత్నపురకు రైలు లేదు. ఏసీ బస్సులో తలకు 700 రూపాయలు, మూడున్నర గంటల ప్రయాణం. అతిథిగృహంలో గదికి రోజుకు 9,500 తీసుకున్నారు. పరుపు కాస్త చెమ్మగా ఉన్నా ఇంటివారు మర్యాదస్తులు.

మొదటిరోజు ముగ్గురికీ కలిపి 4,000 రూపాయలు ఇచ్చి చూసిన గని మాత్రం ఆ సొమ్ముకు పదింతలు చేస్తుంది. గని అంటే వరిపొలం పక్కన బావిలా నిలువుగా దిగిన గుంట. గోడలు కూలకుండా దుంగలు పేర్చి, సందుల్లో ఫెర్న్ ఆకులు కుక్కుతారు. ఊరే నీటిని పంపు నిరంతరం తోడుతూ ఉంటుంది. అడుగున తగిలే గులకరాళ్ల పొరను అక్కడివారు ఇల్లం అంటారు. దానిని వెదురుబుట్టల్లో పోసి నీటిలో గిరగిర తిప్పితే మట్టి, తేలికరాళ్లు కొట్టుకుపోతాయి. నీలం నీటికన్నా నాలుగు రెట్లు బరువు కనుక అడుగున నిలుస్తుంది. మేము చూస్తుండగా తొమ్మిది బుట్టలు కడిగారు, ఒక్క రాయీ దొరకలేదు. పనివారిలో ఎవరి ముఖంలోనూ నిరాశ కనిపించలేదు.

ఆ సంతోషంలో ఉన్న మమ్మల్ని మరునాడు ఆటో డ్రైవరు ‘ఉచిత మ్యూజియం’ అంటూ ఒక దుకాణానికి చేర్చాడు. గాజు బీరువాలు చూడటానికి అయిదు నిమిషాలు, అమ్మకపు గదిలో రెండు గంటలు. శని దోషానికి నీలం ధరించాలన్న తలంపుతో వచ్చిన బావగారు పాలల్లో వేసి చూపించమని కూడా అడిగారు. యజమాని చిరునవ్వుతో పాలగ్లాసు తెప్పించాడు. దీపాల వెలుగులో పాలు నీలంగా కనబడ్డాయని బావగారు, కనబడలేదని మా అక్క. 1.42 క్యారెట్ల రాయికి 3,40,000 చెప్పి, 2,85,000కు దిగాడు. ‘వేడి చేయనిది’ అని దుకాణం వారే అచ్చువేసిన కార్డు మీద రాసి ఇచ్చాడు. మరో పళ్లెంలోని రాళ్లను కాశ్మీరు నీలాలన్నప్పుడే నేను లేచి రావలసింది. జమ్మూకాశ్మీరులోని పాడర్ ప్రాంతంలో 1880ల ప్రారంభంలో బయటపడిన ఆ గనుల మేలిమి రాళ్లు కొద్ది ఏళ్లలోనే తరిగిపోయాయి. నేడవి దారిపక్క దుకాణంలో పళ్లేనికెత్తి అమ్మే సరుకు కాదు.

అక్క పట్టుబట్టడంతో కొలంబోలో ఒక పరీక్షాకేంద్రంలో 6,500 రూపాయలు కట్టాము. రెండు రోజుల తరువాత వచ్చిన నివేదికలో ‘సహజ నీలం, వేడి చేసిన ఆనవాళ్లున్నాయి’ అని ఉంది. అక్కడి ఉద్యోగిని ఓపికగా సూక్ష్మదర్శినిలో చూపించింది. వేడి తగలని సిలోన్ నీలంలో తరచుగా రూటైల్ అనే ఖనిజపు సన్నని సూదులు అల్లుకొని ఉంటాయి. వ్యాపారులు దానిని ‘పట్టు’ అంటారు. దాదాపు 1,600 డిగ్రీలకు మించిన కొలిమిలో ఆ సూదులు కరిగి చుక్కలుగా తెగిపోతాయి, వాటిలోని టైటానియం రాతిలో కలిసి ఇనుముతో జతపడి నీలిరంగును పెంచుతుంది. ఒకప్పుడు విలువలేనివిగా ఎంచిన గెవుడ అనే పాలరంగు రాళ్లను 1970లలో థాయ్‌లాండ్ వ్యాపారులు కొనుక్కుపోయి నీలాలుగా మార్చింది ఈ విద్యతోనే. వేడి చేయడం నేరం కాదు. కానీ వేడి చేయని రాయికి పలికే ధర చాలా ఎక్కువ. ఆ ధర తీసుకొని దీనిని అంటగట్టడమే మోసం.

మళ్లీ బస్సెక్కి వెళితే, “రాయి అసలుదే కదా” అని దుకాణదారు నివేదికను కన్నెత్తి చూడలేదు. కార్డు మీద వాపసు మాట లేదు. కాబట్టి నా సలహా ఇది: దుకాణంతో సంబంధం లేని కేంద్రంలో పరీక్షించిన తరువాతే సొమ్ము ఇవ్వండి, తేడా వస్తే పూర్తి సొమ్ము తిరిగి ఇస్తామని బిల్లు మీదే రాయించండి, రంగును దీపం కింద కాక పగటి వెలుగులో చూడండి. అలా రాయనన్నవాడి దగ్గర మంచినీళ్లు కూడా తాగకండి.

తిరుగుప్రయాణానికి ముందు వీధి బజారులో నిలబడ్డాము. ఉదయపు వెలుగులో వందలమంది కాగితపు పొట్లాలు విప్పి రాళ్లు చూపుకుంటున్నారు. ఒక వృద్ధుడు 0.9 క్యారెట్ల పుష్యరాగాన్ని అక్క అరచేతిలో పెట్టి, ఎవరూ అడగకముందే, “ఇది కొలిమిలో కాల్చినదమ్మా” అన్నాడు. అదీ నీలం జాతిదే, రంగు ఒక్కటే వేరు. బిల్లు మీద ఆ మాట రాయించుకొని, 38,000 ఇచ్చి అక్క మారుమాట లేకుండా కొనుక్కుంది. కొలంబో చేరేదాకా బావగారు ఆ పొట్లం వంక చూడనైనా లేదు.