ఇంటి లిథియం బ్యాటరీ ఏడాది వాడాక, ఉద్దానం నుంచి రివ్యూ

మాది పలాస పక్క ఊరు. 2018 అక్టోబర్ 11 తెల్లారేసరికి తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లనీ జీడి చెట్లనీ కరెంటు స్తంభాల్నీ కలిపి పడుకోబెట్టేసింది, వారం దాటినా కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్నోళ్ళ అరుగు మీద కాపు కాశాం. ఆ భయం ఇంకా పోనోడు రాస్తున్న రివ్యూ ఇది, మార్కులు దాన్నిబట్టి చూసుకోండి.

ముందు 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కే కలిపేది, పెట్టించాను. సబ్సిడీ 78,000 పడింది, ఎండ బాగుంటే రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి, బిల్లు సగం కంటే కిందకి దిగిపోయింది. ఓ మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, పైన ఎండ మాడిపోతోంది, కింద ఫ్యాన్ ఆగిపోయింది! పెట్టిన కుర్రాడికి ఫోన్ చేస్తే "ఆన్‌గ్రిడ్ అంటే అంతే సార్" అన్నాడు. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా సప్లై పోగానే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోద్ది, సబబే, కానీ డబ్బులు తీసుకున్నప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పలేదు. మా అమ్మ "ఏటి నాయినా, ఎండున్నప్పుడు కూడా పన్జెయ్యకపోతే ఇదెందుకు మనకి" అంది.

అప్పుడు లైన్ పోయినా బ్యాటరీతో ఇంటిని నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ వేయించాను. సోలార్‌కి ముందు వాడింది 150 ఏహెచ్ టూబులర్, అంటే నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ, కాగితం మీద 1.8 యూనిట్లు, సగం దాటి వాడితే తొందరగా చచ్చిపోద్ది, పైగా మా ఉప్పుగాలికి టెర్మినల్స్ మీద పచ్చటి బూజు, వేణ్ణీళ్ళు పోసి కడిగి వేజలైన్ రాయాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ యాసిడ్ చిందించుకుని రెండు లుంగీలు జల్లెడ చేసుకున్నాను. ఈ గోలేదీ లిథియంకి లేదు. రాత్రికి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి మూడు యూనిట్లు, తెల్లారేసరికి ఇంకా మిగులుద్ది. ఏసీ వేశారా, మూడు గంటల్లో సరి.

మా బావ మాత్రం ఒప్పుకోడు. "శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కేంద్రంలో 150 మెగావాట్ల మిషన్లు ఆరున్నాయి, నీళ్ళు కిందకి వదిలి కరెంటు తీసి, మిగులు కరెంటుతో మళ్ళీ పైకి తోడతాయి, పిన్నాపురంలో 1680 మెగావాట్లది, ఇలాంటివి కడుతుంటే నువ్వెందుకురా డబ్బా కొన్నావు" అంటాడు. అక్కడితో ఆగలేదు, మన మేడ మీద ట్యాంకుతో కూడా చెయ్యొచ్చు కదా అన్నాడు. లెక్క కట్టి చూపించాను. వెయ్యి లీటర్లు పది మీటర్ల ఎత్తు నుంచి దింపితే వచ్చేది 27 వాట్ అవర్లు, 9 వాట్ల బల్బు మూడు గంటలు, అంతే. నా బ్యాటరీకి సాటి రావాలంటే అలాంటి ట్యాంకులు దాదాపు 185 కావాలి. అందుకే దానికి కొండలూ చెరువులంత గుంటలూ కావాలి. పది యూనిట్లు పెట్టి తోడితే ఎనిమిది లోపే తిరిగొస్తాయి, అయినా దశాబ్దాల తరబడి నడుస్తుంది, సాయంత్రం అందరూ ఒకేసారి కరెంటు వాడేటప్పుడు ఊళ్ళకి ఊళ్ళనే మోసేది అదే, అందులో బావ మాటే కరెక్ట్. కాకపోతే మా వీధి స్తంభం పడిపోతే శ్రీశైలం నీళ్ళు నా ఫ్యాన్ తిప్పవు.

డబ్బు మిగులుద్దని మాత్రం కొనకండి. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలింది లైన్‌లోకి పోయి రాత్రి లెక్కలో కలిసిపోద్ది, బ్యాటరీ ఒక్కటే లక్ష దాటింది, దానికి సబ్సిడీ రూపాయి లేదు. కరెంటు పెద్దగా పోని టౌన్లో ఉన్నోళ్ళకి దండగ.

తుఫాను మబ్బు రెండ్రోజులుంటే ప్యానెల్స్ ఇచ్చేది కూడా అంతంతే. మొన్న వాయుగుండానికి బ్యాటరీ చార్జింగ్ 30 శాతానికి దిగగానే అమ్మే లేచి ఫ్రిజ్ ఆపేసింది, చేపల కూర పాడైంది గానీ ఫ్యాన్ తెల్లార్లూ తిరిగింది.

బ్యాటరీకి 4 స్టార్లు. వేసిన షాపుకి 2, వైరు లూజయ్యిందంటే తొమ్మిది రోజులకి వచ్చారు, మెట్ల కింద పడమటి ఎండ తగిలే చోట పెడతామంటే నేనే పోట్లాడి హాల్లో గోడకి పెట్టించాను. ప్యానెల్ క్లాంపులకి మామూలు బోల్టులు వేశారు, అప్పుడే తుప్పు, వచ్చే నెల స్టీల్‌వి మార్పించాలి.