గ్రాఫ్ కోసం కొన్నా, టేబుల్‌కి అలవాటు పడ్డా

గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అనగానే అందరూ గ్రాఫ్ గురించే మాట్లాడతారు. ఏళ్ల తరబడి వాడిన నాకు మాత్రం అందులో బాగా నచ్చింది టేబుల్, అంటే ఒక్కో ఎక్స్‌కి వై ఎంతో వరసగా చూపే పట్టిక. ఎప్పుడో వదిలేసిన లెక్కలు మళ్లీ సొంతంగా నేర్చుకుందామని దీన్ని కొన్నాను. పాత రకం, నలుపు తెలుపు తెర. అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. మిగతా వివరాలు పెట్టె మీదే ఉంటాయి, వదిలేస్తున్నా.

మొదట్లో అందరూ పడే తిప్పలే. మైనస్‌కి రెండు మీటలు: తీసివేతకు ఒకటి, రుణ సంఖ్యకు ఒకటి. సమీకరణం మొదట్లో తీసివేత మీట నొక్కితే సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరు తప్పని. అది దాటితే ఖాళీ తెర. గీత విండో (తెర చూపించే ఎక్స్, వై హద్దులు) బయట ఎక్కడో ఉంటుంది మరి. విండో ఎంత పెట్టాలో తెలియాలంటే గ్రాఫ్ ఎలా ఉంటుందో తెలియాలి, అదే తెలిస్తే ఈ యంత్రం ఎందుకు! అందుకే ముందు టేబుల్ తెరిచి, వై విలువలు ఎంత దాకా పోతున్నాయో చూసి విండో పెట్టుకుంటాను.

టేబుల్ మీద అసలు గురి కుదిరింది సైన్(30ఎక్స్) దగ్గర. మామూలు విండో, మైనస్ 10 నుంచి 10 దాకా. తెర నిండా సన్నటి అలలు కిక్కిరిసి ఉండాలి. వచ్చింది ఒకటిన్నర అల! తీరిగ్గా, నున్నగా, ఏ తప్పూ ఎరగనట్టు. మోడ్ డిగ్రీల్లో ఉందేమో అనుకున్నా, ఎందుకంటే డిగ్రీల్లో కూడా ఇది దాదాపు ఇలాగే కనిపిస్తుంది. చూస్తే రేడియన్లలోనే (కోణాన్ని కొలిచే ఇంకో కొలత) ఉంది. గీత వెంట నడిపించే ట్రేస్ పెట్టి కర్సర్‌ను జరిపితే అదీ బుద్ధిగా ఆ అల మీదే నడిచింది. గ్రాఫ్ ప్రకారం సున్నా తర్వాత మొదటి శిఖరం సుమారు 3.3 దగ్గర. టేబుల్‌లో 0.01 చొప్పున అడుగు పెట్టి చూస్తే 0.05కే విలువ 0.9975కి, అంటే శిఖరమైన 1 దగ్గరికి, చేరిపోయింది.

కారణం తర్వాత కాగితం మీద తేలింది. తెర మీది 96 నిలువు వరసల్లో గ్రాఫ్ గీసేవి 95. ఒక్కో వరసకు ఒక్కసారే లెక్క కడుతుంది. వాటి మధ్య ఖాళీలు 94, అసలు అలలేమో 95న్నర. అంటే ఒక వరస నుంచి పక్క వరసకు వెళ్లేలోపు ఒక అల పూర్తిగా జారిపోయి, ఇంకాస్త ముందుకు పోతుంది. మనకు కనిపించేది ఆ మిగిలిన ఒకటిన్నరే. విండోను మైనస్ 1 నుంచి 1కి కుదిస్తే గ్రాఫ్ కూడా దారికొచ్చింది.

అలాగని టేబుల్‌ది వేదవాక్కేం కాదు. దానికీ అడుగుల మధ్య ఏముందో కనిపించదు. 25ఎక్స్² − 25ఎక్స్ + 6 ఇచ్చి అడుగు 1గా ఉంచితే 56, 6, 6, 56 అంటూ అన్నీ ధన సంఖ్యలే వస్తాయి, మూలాలే (విలువ సున్నా అయ్యే చోట్లు) లేవనిపిస్తుంది. ఉన్నాయి, 0.4, 0.6 దగ్గర. మామూలు విండోలో గ్రాఫ్ కనీసం అక్షాన్ని తాకినట్టు చూపించి అనుమానమైనా పుట్టిస్తుంది. కాబట్టి పైన గ్రాఫ్ మీద పడ్డ చిరాకు కొంచెం తగ్గించుకుంటున్నా.

కొనమంటానా అంటే, చెప్పలేను. ఫోన్‌లో ఉచిత యాప్‌లు ఇంతకన్నా చక్కగా గీస్తాయి, వేలితో లాగితే విండో జరుగుతుంది. ఫోన్ చేతిలో ఉంటే నా చదువు ముందుకు సాగదు, అందుకే నాకు ఇది కావాలి. పరీక్ష కోసం కొనేవాళ్లయితే అక్కడ ఏ మోడల్‌ని అనుమతిస్తారో ముందే కనుక్కోండి. కొన్ని పరీక్షల్లో లోపలికి వెళ్లేముందు మెమరీ చెరిపేయమంటారు కూడా.