పిల్లలతో వేసవి కళోత్సవం: గేటు తీయగానే వెళ్ళాలా, పొద్దు వాలాకా?

నగరం మధ్యలో పార్కుల్లోనూ, బండ్లు ఆపేసిన వీధుల్లోనూ జరిగే వేసవి కళోత్సవానికి చిన్నపిల్లల్ని ఏ వేళప్పుడు తీసుకెళ్తే మేలు? ఏటా అందరూ అడిగేది ఇదే. టోపీ, నీళ్ళసీసా, మార్చుకోవడానికి ఓ జత బట్టలు ఎలాగూ సర్దుకుంటారు కాబట్టి వాటి జోలికి పోవట్లేదు.

చాలామంది దీన్ని ఎండను బట్టి తేలుస్తారు. "చల్లబడ్డాక వెళ్దాంలే" అంటారు. అతినీలలోహిత కిరణాల వరకు ఆ మాట నిజమే, అవి నడిమధ్యాహ్నం దాటాక తగ్గుతూ పోతాయి. గాలిలో వేడి మాత్రం అంతటితో తగ్గదు, ఇంకో రెండు మూడు గంటలు పెరుగుతూనే ఉంటుంది. తారురోడ్డూ, బండలు పరిచిన నేలా పగలంతా తాగిన వేడిని సాయంత్రం కక్కుతాయి. నిలబడ్డ పెద్దవాళ్ళకు కాస్త గాలి తగులుతుంది. స్ట్రోలర్‌లో కూర్చున్న పిల్ల నేలకు దగ్గరగా ఉంటుంది కనుక ఆ సెగంతా తనకే. ఎండ పడకుండా స్ట్రోలర్ మీద దుప్పటి కప్పితే లోపల గాలాడక ఇంకా ఉడుకెత్తుతుంది. బిగించుకునే చిన్న గొడుగైతే నయం. ఉత్సవం గడ్డినేల మీదైతే ఈ తేడా తక్కువే. బండల మీదైతే మాత్రం సాయంత్రం అయిదింటికన్నా పొద్దున పదింటికే పిల్లలకు హాయి.

నన్నడిగితే అసలు తేల్చాల్సింది ఎండ కాదు, జనం. ఎండకు నీడ ఉంది, నీళ్ళున్నాయి. జనానికి విరుగుడు లేదు. నాలుగేళ్ళ పిల్ల సుమారు మీటరు ఎత్తుంటుంది, అంటే పెద్దవాళ్ళ నడుము దగ్గర. సాయంత్రం పెద్ద వేదిక ముందు ఆ పిల్లకు కనిపించేది వీపులూ, భుజాన వేలాడే సంచులూ. భుజాలకెత్తుకుంటే కనిపిస్తుంది, నిజమే. కానీ ఎత్తుకున్నవాళ్ళ మెడ పావుగంటకే మొరాయిస్తుంది, వెనకవాళ్ళకు అడ్డం. అంతకన్నా ముఖ్యం, కింద మనుషుల మధ్య ఉంటే కీచుగా తగిలే శబ్దం కొంతైనా ఒంటికీ బట్టలకీ ఆగుతుంది. పైకెత్తితే స్పీకర్లు తిన్నగా చెవుల్లోకే.

పొద్దున్నైతే అదే పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది. వీధి గారడీవాళ్ళు ఆట మొదలుపెట్టే ముందు నేల మీద తాడు పరచడమో, సుద్దతో గీత గీయడమో చేస్తారు. అది కనబడగానే వెళ్ళి పిల్లను ఆ గీత వెనకే కూర్చోబెట్టండి. ఆట సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట. అందులో మొదటి అయిదు పది నిమిషాలు జనాన్ని పోగేయడానికే పోతాయి, చోటు దొరికేదీ అప్పుడే. సూర్యుడు పిల్ల వీపు వైపు ఉండేలా చూసుకోండి, లేకపోతే కళ్ళు చికిలించుకుంటూ సగంలోనే లేచిపోతుంది. దారి పక్క చివర చోటైతే బాత్రూమ్ అన్నప్పుడు నలుగురినీ తొక్కుకుంటూ రానక్కర్లేదు.

మట్టిబొమ్మలు, ముసుగులు, అచ్చుబొమ్మలు చేయించే డేరాలదీ ఇదే సంగతి. పొద్దున రంగులు శుభ్రంగా ఉంటాయి, నేర్పేవాళ్ళకు ఓపిక ఉంటుంది. మధ్యాహ్నానికి అన్ని రంగులూ కలిసి బురదరంగే మిగులుతుంది. లోపలికి వెళ్ళగానే ముందు డేరాలో పేరు రాయించి, వేళ కనుక్కుని, ఆ తర్వాతే ఆట చూడ్డానికి వెళ్ళండి. వరస తిరగేస్తే రెండూ పోతాయి.

ముఖానికి రంగులేయించడంలో ఓ చిక్కుంది. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, రంగు వేసిన ముఖం మీద అది కుదరదు. తడి సన్‌స్క్రీన్ మీద వేస్తే రంగు జారుతుంది. అందుకని ముఖం పని ఇంటికి బయల్దేరే ముందు పెట్టుకోండి. అంతదాకా ఆగలేనని మారాం చేస్తే చేతి మీద ఓ సీతాకోకచిలుక వేయించి సరిపెట్టండి.

శబ్దం గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది. పెద్దవాళ్ళు పనిచేసే చోట్లకు వాడే ఒక ప్రమాణం ప్రకారం, 85 డెసిబెల్స్ (శబ్దం జోరు కొలత) మోతలో రోజుకు 8 గంటలు ఉండటమే హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, అలా 100 దగ్గర పావుగంటే. పిల్లలకు అంతకన్నా తక్కువే అనుకోవాలి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడ్డానికి అరవాల్సి వస్తోందంటే అక్కడ ఉండకూడదు. వెనక్కి జరిగితే చాలనుకుంటారు గానీ, పెద్ద మైదానాల్లో మధ్యలో స్తంభాలకు ఇంకో జత స్పీకర్లు కడతారు. వెనక్కి వెళ్ళి సరిగ్గా వాటి ముందే నిలబడేవాళ్ళు చాలామంది. పక్కకు జరగడమే దారి. చెవులకు తొడిగే ఇయర్‌మఫ్స్ కొనండి. ఫోమ్ ప్లగ్గులు చిన్న చెవుల్లో సరిగ్గా కూర్చోవు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ఇంట్లో రెండు మూడు రోజులు ముందే అలవాటు చేయకపోతే అక్కడ పీకి పారేస్తారు.

అలాగని సాయంత్రాన్ని కొట్టిపారేయలేం. దీపాల కళ, భవనాల గోడల మీద వెలుతురుతో వేసే బొమ్మలు, నిప్పుతో చేసే విన్యాసాలు పగలు ఉండవు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు అవే పండగ. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న నగరాల్లో వేసవిలో చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది, చిన్నవాళ్ళు అప్పటికే నిద్రకు తూలుతుంటారు. సాయంత్రమే వెళ్ళాలనుకుంటే మధ్యాహ్నం పడుకోబెట్టి, ఒక్కటే ప్రదర్శన ఎంచుకుని, చీకటికి గంట ముందే మెట్ల మీదో గట్టు మీదో చోటు పట్టుకోండి. ముగియడానికి పది నిమిషాల ముందైనా లేవండి, ముగిశాక ఇరవై నిమిషాలు ఆగైనా లేవండి. ఆ నడుమ గేటు దగ్గర స్ట్రోలర్ కదలదు.

తప్పిపోతే గుర్తుపట్టడానికి ఎర్రచొక్కా వేస్తుంటారు. నీలం దీపాల కింద ఎరుపు నల్లగా కనిపిస్తుంది, సాయంత్రానికి తెలుపే మేలు. ఏ వేళ వెళ్ళినా గేటు దగ్గర ఆ రోజు వేసుకున్న బట్టల్లోనే పిల్లకు ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఫోన్ నంబరు చర్మం మీద రాస్తే చెమటకూ సన్‌స్క్రీన్‌కూ చెరిగిపోతుంది, చేతిపట్టీ లోపలివైపు రాయండి.

రోజంతా ఉండటం టికెట్ గిట్టుబాటు కోసం తప్ప పిల్లల కోసం కాదు. పొద్దున వెళ్ళొచ్చి మళ్ళీ సాయంత్రం వెళ్ళడం, బస పది నిమిషాల నడకలో ఉంటేనే.

ఆరు నెలలలోపు పసివాళ్ళకు సన్‌స్క్రీన్ వాడకుండా నీడలోనే ఉంచమంటారు కాబట్టి, వాళ్ళతో అయితే మొదటి గంట చూసి వచ్చేయడమే. ఇక రోజు ఎంచుకునే వీలుంటే పనిరోజే ఎంచుకోండి, మొదటి రోజు మాత్రం వద్దు. ఆ పొద్దున చాలాచోట్ల ఇంకా తీగలు బిగిస్తూనే ఉంటారు.